‘చుట్టాలమ్మాయి’ అంటున్నారు... ఫిర్యాదు చేయొచ్చా?

ప్రశ్న: లాయర్ గారూ, మాది విశాఖపట్నం ఎంవీపీ కాలనీలో అపార్ట్‌మెంట్. ఎదురు ఫ్లాట్ వాళ్ళు కొన్ని నెలల క్రితం పాడేరు వైపు నుంచి ఒక గిరిజన అమ్మాయిని తెచ్చుకున్నారు. పన్నెండేళ్ళు ఉంటాయేమో. పొద్దున్నే ఆరింటికి గుమ్మం కడుగుతూ కనిపిస్తుంది, రాత్రి పదింటికి చెత్తబుట్ట పట్టుకుని కిందికి దిగుతుంది. బడికి వెళ్ళడం లేదు. అడిగితే ‘మా చుట్టాలమ్మాయి, చదివిస్తాం’ అంటారు. వాళ్ళ నాన్నకు ముందే అడ్వాన్స్ ఇచ్చారని వాచ్‌మన్ చెప్పాడు. చట్టం మారిందని, ఇప్పుడు పోలీసులు నేరుగా కేసు పెట్టలేరని మా అసోసియేషన్ సెక్రటరీ అంటున్నారు. నిజమేనా? ఫిర్యాదు చేస్తే నా పేరు బయటికొస్తుందేమోనని టెన్షన్‌గా ఉంది. - ఒక గృహిణి

జవాబు: మీ సెక్రటరీ గారు చెప్పింది సగమే నిజం. పిల్లల్ని పనికి కట్టిపడేసినా, వాళ్ళ జీతం వాళ్ళకు ఇవ్వకపోయినా జువెనైల్ జస్టిస్ చట్టం 79వ సెక్షన్ కింద ఐదేళ్ళ వరకు కఠిన జైలు, లక్ష రూపాయల జరిమానా ఉన్నాయి. 2015లో చట్టం చేసినప్పుడు ఇది పోలీసులు నేరుగా కేసు కట్టగల నేరమే. 2021లో చేసిన సవరణ 2022 సెప్టెంబర్ 1న అమల్లోకి వచ్చి, మూడు నుంచి ఏడేళ్ళ శిక్ష ఉన్న ఈ చట్టం నేరాలను నాన్ కాగ్నిజబుల్ చేసేసింది. అంటే మేజిస్ట్రేట్ ఆదేశిస్తే తప్ప పోలీసులు దర్యాప్తు మొదలుపెట్టకూడదు. విచిత్రం ఏమిటంటే అదే నేరాన్ని నాన్ బెయిలబుల్‌గానే ఉంచారు. బెయిలు హక్కుగా ఇవ్వకూడనంత పెద్ద నేరమట, పోలీసు తనంతట తాను కదలకూడనంత చిన్న నేరమట! 79వ సెక్షన్‌కు పట్టించిన ఈ గతిని మళ్ళీ సవరించి సరిదిద్దాల్సిందే.

అంతవరకు మనకు దారి లేదా అంటే, ఉంది. బాల కార్మిక చట్టాన్ని 2016లో సవరించాక పద్నాలుగేళ్ళలోపు పిల్లల్ని ఏ పనిలోనూ పెట్టుకోకూడదు. ఇంటి పని అయితే 2006 నుంచే నిషేధం. ఆరు నెలల నుంచి రెండేళ్ళ జైలు, లేదా 20 వేల నుంచి 50 వేల రూపాయల జరిమానా, లేదా రెండూ. యజమాని చేసిన ఈ నేరం కాగ్నిజబుల్ అని 14ఎ సెక్షన్‌లో స్పష్టంగా ఉంది. ఇక అడ్వాన్స్ ఇచ్చి పిల్లను తెచ్చుకోవడం 1976 నాటి వెట్టి చాకిరి నిర్మూలన చట్టం పరిధిలోకి వస్తుంది, అదీ కాగ్నిజబులే. అప్పు వెట్టి అప్పు కాదని రుజువు చేసుకోవాల్సిన భారం అప్పిచ్చిన వాళ్ళ మీదే ఉంటుంది. యజమానులు ఎస్సీ, ఎస్టీలు కాకపోతే ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కూడా తోడవుతుంది.

పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 174(4) ప్రకారం ఒకే సంఘటనలో నాన్ కాగ్నిజబుల్ నేరాలతో పాటు ఒక్క కాగ్నిజబుల్ నేరం ఉన్నా మొత్తం కేసు కాగ్నిజబుల్ కిందే లెక్క. కాబట్టి ఫిర్యాదులో ‘పాపను హింసిస్తున్నారు’ అని ఒక్క ముక్క రాసి ఊరుకోకండి. ఏ టైమ్‌లో ఏ పని చేస్తుండగా చూశారు, బడికి వెళ్ళడం లేదని ఎలా తెలుసు, అడ్వాన్స్ మాట ఎవరు చెప్పారు, ఇవన్నీ రాయండి. అప్పుడు స్టేషన్‌లో ‘ఇది మా పరిధి కాదమ్మా’ అనడానికి వీలుండదు.

‘చుట్టాలమ్మాయి’ మాట గురించి. కుటుంబానికి సాయం చేసే పిల్లలకు చట్టంలో మినహాయింపు ఉన్న మాట వాస్తవమే. కానీ కుటుంబం అంటే అమ్మానాన్నలు, తోబుట్టువులు, అమ్మకీ నాన్నకీ తోబుట్టువులైన వాళ్ళు, అంతే. ఆ సాయం కూడా బడి వేళలయ్యాక, సెలవుల్లో మాత్రమే. సొంత మేనత్త అయినా బడి మాన్పించి అంట్లు తోమించకూడదు.

ఆధార్ కార్డు తెచ్చి ‘పదిహేనేళ్ళు’ అంటారు, చూడండి. వయసు తేల్చడానికి చట్టం అడిగేది బడి రికార్డు, అది లేకపోతే పంచాయతీ లేదా మున్సిపాలిటీ జనన ధ్రువపత్రం, అదీ లేకపోతే వైద్య పరీక్ష. ఒకవేళ పద్నాలుగు నిండాయని తేలితే బాల కార్మిక చట్టం పట్టు సడలుతుంది గానీ, వెట్టి చట్టానికి వయసుతో పని లేదు.

ఇక మీ పేరు. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేస్తే పేరు చెప్పనక్కర్లేదు. కేసులో ఫిర్యాదుదారు మీరే కావాలనీ లేదు, కార్మిక శాఖ అధికారి కావచ్చు. బాలల సంక్షేమ కమిటీ తనంతట తానే కల్పించుకోనూవచ్చు. కాకపోతే లైంగిక వేధింపు జరుగుతోందని మీకు తెలిస్తే, అనుమానం కలిగినా సరే, పోక్సో చట్టం కింద చెప్పడం మీ ఇష్టానికి వదిలిన విషయం కాదు. చెప్పకపోతే ఆరు నెలల వరకు జైలు.

జాలిపడి పాపను మీ ఇంట్లో పెట్టుకోకండి, ఆర్టీసీ కాంప్లెక్స్‌లో పాడేరు బస్సెక్కించి పంపకండి. అలా పంపితే తెచ్చిన దళారీయే మళ్ళీ ఇంకో ఇంట్లో పెడతాడు. ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టడం అసలే వద్దు, పాప గుర్తింపు బయటపెట్టడం జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ కింద మీ మీదకే వస్తుంది. విడిపించాక ప్రయాణ సమయం మినహాయించి 24 గంటల్లో కమిటీ ముందు హాజరుపరచాలి. ఇంటి పరిస్థితి విచారణ పదిహేను రోజుల్లో, తుది ఉత్తర్వు నాలుగు నెలల్లో పూర్తి కావాలి. పాప ఊరు అల్లూరి సీతారామరాజు జిల్లాది కాబట్టి అక్కడి కమిటీకి అప్పగించవచ్చు, ఆశ్రమ పాఠశాలలో చేర్పించమని మీరూ అడగొచ్చు. తండ్రిని జైల్లో వేస్తారని భయపడకండి, బాల కార్మిక చట్టం కింద మొదటిసారి తల్లిదండ్రులకు శిక్ష లేదు.

1098కి ఫోన్ చేసినా ఎవరూ కదలకపోతే కమిటీకి రాతపూర్వకంగా అర్జీ ఇచ్చి, నకలు మీద తేదీతో ముద్ర వేయించుకోండి. ఆ నకలు నా దగ్గరికి తెస్తే మేజిస్ట్రేట్ కోర్టులో పిటిషన్ వేద్దాం.