అన్నయ్య చిట్టీ, చెల్లెలి గుండె దడ

ఖమ్మం జిల్లా నుంచి 43 ఏళ్ల ప్రభుత్వ ఉపాధ్యాయురాలు ఒకరు ఉత్తరం రాశారు. అన్నయ్య పాడుకున్న 10 లక్షల చిట్టీకి ఆమె ష్యూరిటీ సంతకం చేశారు. 40 వాయిదాల్లో 20 కట్టి ఆయన ఆపేయడంతో, ఎనిమిది నెలలుగా భర్తకు తెలియకుండా, గాజులు తాకట్టు పెట్టి మరీ ఆమే కడుతున్నారు. రాత్రిళ్లు గుండె దడ, చెమటలు. ఈసీజీ, థైరాయిడ్ పరీక్షల్లో ఏ లోపమూ లేదు. ఇది ఆందోళనేనని మానసిక వైద్యుడు మందులు రాశారు. అవి అలవాటుగా మారతాయేమో, బడిలో తెలిస్తే పరువు పోతుందేమో అన్నది ఆమె ప్రశ్న.

అమ్మా, ముందు మందుల సంగతి ముగిద్దాం. ఆందోళనకు నెలల తరబడి వాడమని ఇచ్చే మందుల్లో ఎక్కువ భాగం అలవాటుగా మారేవి కావు; నిద్రకు ఇచ్చే కొన్ని మాత్రలతో ఆ ప్రమాదం ఉంది కనుక వాటిని వైద్యుడు చెప్పినన్ని రోజులే వాడండి, దేన్నీ మీ అంతట మీరు ఆపకండి. బడిలో ఎవరికీ చెప్పనవసరం లేదు. చికిత్స వివరాలను గోప్యంగా ఉంచాలని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టమే చెబుతోంది. అర్ధరాత్రి మనసు మరీ నిలవకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీమానస్ 14416కు ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు, ఉచితం.

ఇక అసలు విషయం. మూడు పేజీల ఉత్తరంలో మీ గుండె గురించి రెండు పేజీలు రాసి, అన్నయ్య గురించి నాలుగు వాక్యాలే రాశారు, కానీ నా కన్ను వాటి మీదే ఆగింది. ప్రతి నెలా ఇరవయ్యో తేదీన ఆయన ఫోన్ చేసి "ఈ ఒక్క నెల కట్టమ్మా" అంటారు. మీ దడ ఆ రాత్రే మొదలవుతుంది. ఆయన తీర్థయాత్రకు వెళ్లి ఫోన్ చేయని నెలలో, వాయిదా మీరే కట్టినా, కంటినిండా నిద్రపోయానని మీరే రాశారు. అంటే మిమ్మల్ని భయపెడుతున్నది అప్పు కాదు, కాదనలేకపోవడం. శ్రావణంలో ఆయన చీర తెచ్చారని, మేడ మీద కొత్త గది వేయించారని కూడా రాశారు. గది వేయించగలిగిన మనిషికి వాయిదా కట్టే స్తోమత లేదంటే నేను నమ్మను. అన్నయ్యను అడిగితే పుట్టింటి గడప దూరమవుతుందని మీ భయం. చెల్లెలికి పసుపు కుంకుమలు ఇవ్వాల్సిన చేత్తో ఆమె గాజులను తాకట్టు కొట్టుకు పంపిన అన్నకు లేని మొహమాటం మీకెందుకో నాకు అర్థం కాలేదు. నేనూ అన్నల మధ్య పెరిగినదాన్నే. మన ఇళ్లలో ఆడపిల్ల మౌనాన్ని ప్రేమగా లెక్కకట్టడం బాగా అలవాటు.

కొండంత అప్పు అని రాశారు కానీ లెక్క రాయలేదు. మిగిలినవి పన్నెండు వాయిదాలు; నెలకు 25,000 చొప్పున, డివిడెండు (పాటలో తగ్గిన సొమ్ములో సభ్యులకు వచ్చే వాటా) తీసేయకుండా చూసినా, 3 లక్షలు. చిట్టీ సంస్థకు వెళ్లి ఖాతా వివరాలు కాగితం మీద తీసుకోండి. కోపంతో కట్టడం మాత్రం ఆపకండి, ఎందుకంటే పాడుకున్న చిట్టీలో వాయిదా తప్పితే మిగిలినదంతా ఒకేసారి కట్టమనే హక్కు వారికి ఉంటుంది, ష్యూరిటీగా ఆ భారం మీ జీతం మీదికే వస్తుంది. అయితే ష్యూరిటీ కట్టిన సొమ్మును అసలు బాకీదారు నుంచి రాబట్టుకునే హక్కు 1872 నాటి కాంట్రాక్టు చట్టంలోని 145వ సెక్షన్ మీకు ఇచ్చింది. కోర్టుకు వెళ్లమని అనడం లేదు. ఆ హక్కు ఉందని తెలిసి మాట్లాడే చెల్లెలి గొంతు వేరుగా ఉంటుంది. ఇంతవరకూ కట్టిన ప్రతి రసీదూ జాగ్రత్త చేయండి.

మీ వారికి ఈ ఆదివారమే చెప్పండి. కోప్పడతారు, పడనివ్వండి, వ్రతం నాడు గాజులేవని ఆయనే అడిగితే అంతకంటే ఎక్కువ బాధపడతారు. ఆ తరువాత ఇద్దరూ కలిసి ఇరవయ్యో తేదీకి ముందే అన్నయ్య ఇంటికి వెళ్లండి, వదినగారు కూడా ఉన్న సమయంలో. రానున్న వాయిదాలు ఎవరు కడతారో, గాజులు ఏ తేదీకి విడిపిస్తారో ఆయన చేతనే కాగితం మీద రాయించుకుని, కాఫీ తాగి రండి.