ఫిల్టర్ పెద్దదైతే నీళ్లు మార్చక్కర్లేదా?

6×2×2 అడుగుల చేపల ట్యాంకు, కింద సంప్ ఫిల్టర్ (ట్యాంకు నీళ్లు కిందికి దిగి శుభ్రమై, పంపుతో మళ్లీ పైకెళ్లే తొట్టి), నాలుగు ఆస్కార్ చేపలు. ఇంత ఫిల్టర్ ఉంటే నీళ్లు మార్చక్కర్లేదు, నెలకోసారి ఫిల్టర్ కడిగితే చాలని షాపులో చెప్పారు, నిజమేనా అని మీరు అడిగారు. కాదండి. తిరుపతి బైరాగిపట్టెడలో మా ఇంట్లో ఏడేళ్లుగా ఆస్కార్లున్నాయి. మొదట్లో నాకూ ఇదే మాట చెప్పారు, నమ్మాను.

చేపల రెట్ట, మిగిలిన మేత నుంచి అమ్మోనియా పుడుతుంది. ఫిల్టర్‌లో స్పాంజికీ సిరామిక్ రింగులకూ పట్టి ఉండే బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, ఆ తర్వాత నైట్రేట్‌గా మారుస్తుంది. ఫిల్టర్ పని అక్కడితో సరి. నైట్రేట్ నీళ్లలోనే పేరుకుని చేపలకు హాని చేస్తుంది, నీళ్లు తీసి పారబోస్తేనే పోతుంది. ట్యాంకులో పెట్టిన మనీప్లాంట్ వేళ్లు కొంత పీల్చుకుంటాయి గానీ, నాలుగు ఆస్కార్ల తిండికి అదేం చాలుతుంది!

వారానికి నైట్రేట్ 20 పీపీఎం (లీటరుకు 20 మిల్లీగ్రాములు) పెరుగుతోందనుకోండి. ప్రతి వారం పావు వంతు నీళ్లు మారిస్తే అది పెరుగుతూ పోయి 80 దగ్గర ఆగుతుంది. సగం మారిస్తే 40 దాటదు. నేను 40 శాతం మారుస్తాను. మీ ట్యాంకు అంచుదాకా 680 లీటర్లు పడుతుంది. ఇసుక, పైన ఖాళీ పోను 600 అనుకున్నా, 40 శాతమంటే 240 లీటర్లు, పన్నెండు వాటర్ క్యాన్లు. బకెట్లతో మోస్తే రెండో వారానికే విసుగొస్తుంది, పొడవాటి పైపు కొనుక్కోండి. మా పాత నీళ్లన్నీ కరివేపాకు చెట్టుకే. అమ్మకు ఈ చేపల గోల నచ్చదు గానీ, ఆ చెట్టు చూశాక ఏమీ అనడం లేదు.

ఇక ఫిల్టర్ కడగడం. షాపు మాట నమ్మిన రోజుల్లో ఒకసారి స్పాంజిని మున్సిపల్ కుళాయి కింద పెట్టి పిండాను. టీ డికాషన్ లాంటి నీళ్లు కారాయి. తెల్లగా అయ్యేదాకా వదల్లేదు, రింగులు కూడా బ్రష్‌తో రుద్దాను. మూడో రోజు పొద్దున చూస్తే మా చేపలన్నీ పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. క్లోరిన్‌కు, నా రుద్దుడికి బ్యాక్టీరియా పోయింది, అమ్మోనియా పెరిగింది. సగం నీళ్లు మార్చి మేత ఆపాను. అయినా పెద్దది దక్కలేదు. ఇప్పుడు ట్యాంకులోంచి తీసిన నీళ్లలోనే స్పాంజిని రెండుసార్లు పిండి పెట్టేస్తాను. మురికిగా కనిపించినా సరే.

కొత్త నీళ్లు కుళాయివైతే యాంటీ క్లోరిన్ (క్లోరిన్‌ను పోగొట్టే మందు) తప్పనిసరి. ఏప్రిల్, మే నెలల్లో మాత్రం తెల్లవారుజామునే మార్చండి, మధ్యాహ్నం మిద్దె మీది ట్యాంకు నీళ్లలో మనమే చెయ్యి పెట్టలేం. ఆవిరైనంత నింపడం నీళ్లు మార్చడం కాదు. ఆవిరైనా ఉప్పులు అక్కడే ఉంటాయి, బోరు నీళ్లు పోసేకొద్దీ ఇంకా పెరుగుతాయి.

మీరు అడగలేదు గానీ, సంప్ కాబట్టి ఒక మాట. కరెంటు పోతే పంపు ఆగి, ట్యాంకు నీళ్లు పైకెళ్లే పైపులోంచే వెనక్కి కారి సంప్ పొంగుతుంది. ఒక రాత్రి మా హాలంతా చెరువైంది. ఆ పైపుకు నీటి మట్టానికి కాస్త కింద చిన్న రంధ్రం చేస్తే, అందులోంచి గాలి దూరి కారడం ఆగిపోతుంది. ఈ రోజే ఒకసారి పంపు ఆపి చూడండి, పక్కన పాత దుప్పటి పెట్టుకుని.