ఒకసారి డెంగీ వచ్చింది.. మళ్లీ రాదనుకోవచ్చా?

ప్రశ్న: నా వయసు 34. నిరుడు వానాకాలంలో డెంగీ వచ్చి తగ్గింది. ఒకసారి వస్తే ఒంట్లో రోగనిరోధక శక్తి పుడుతుందని, ఇక రాదని అంటున్నారు. ఇప్పుడు మా వీధిలో ఇద్దరికి డెంగీ. నేను ధైర్యంగా ఉండవచ్చా?
- ఓ పాఠకురాలు, హనుమకొండ

జవాబు: తట్టు విషయంలో ఆ మాట నిజం. డెంగీకి వచ్చేసరికి సగమే నిజం.

వైరస్ ఒంట్లో చేరితే తెల్ల రక్తకణాల్లో కొన్ని దాని పైపొరకు సరిగ్గా అతుక్కునే యాంటీబాడీలను తయారుచేస్తాయి. జబ్బు తగ్గినా ఆ వైరస్‌ను గుర్తుపెట్టుకునే కణాలు ఏళ్ల తరబడి ఉండిపోతాయి. అయితే డెంగీ వైరస్‌లు నాలుగు రకాలు. నిరుడు వచ్చిన రకం మీ జోలికి మళ్లీ రాకపోవచ్చు. మిగతా మూడింటి నుంచి రక్షణ కొంతకాలమే.

ఇంకో చిక్కు ఉంది. వేరే రకం వస్తే పాత యాంటీబాడీలు దాన్ని పట్టుకుంటాయి గానీ పని పట్టలేవు. యాంటీబాడీ అంటుకున్నదాన్ని మింగడం మాక్రోఫేజ్ కణాల పని. అవి మింగేస్తాయి, చావని వైరస్ వాటి లోపలే పెరుగుతుంది. రెండోసారి డెంగీ కొందరిలో తీవ్రం కావడానికి ఇదొక ముఖ్య కారణం. చాలామంది క్షేమంగానే బయటపడతారు. కానీ ఇమ్యూనిటీ పెంచుతామంటూ అమ్మే పొడులు, సిరప్‌లు ఈ చిక్కును విప్పలేవు. వాటికి డబ్బు పోయకండి.

ఒక పత్తి రైతు నాలుగు రోజుల జ్వరం దిగిందని మర్నాడే చేనుకు వెళ్లారు. సాయంత్రం కడుపునొప్పితో మా దగ్గరికి వచ్చేసరికి చేతులు మంచులా ఉన్నాయి. డెంగీలో జ్వరం దిగే ఆ ఒకటి రెండు రోజులే గండం. రక్తనాళాల్లోంచి ద్రవం బయటికి ఊరిపోయి బీపీ పడిపోతుంది. ప్లేట్‌లెట్ల లెక్క ఒక్కటే చూస్తే ఇది తెలియదు.

జ్వరం వస్తే తొలి ఐదు రోజుల్లోపు డెంగీని రక్తంలో పట్టిచ్చే ఎన్‌ఎస్‌1 పరీక్ష చేయించుకోండి. నిరుడు డెంగీ వచ్చిందని డాక్టరుకు తప్పక చెప్పండి. పారాసెటమాల్ చాలు. ఒళ్లునొప్పులకు డైక్లోఫెనాక్ సూది వేయించుకోవడం మన దగ్గర మామూలైపోయింది, నన్ను ఎక్కువగా భయపెట్టేది అదే. డెంగీలో అది రక్తస్రావానికి దారితీయవచ్చు. వాంతులు ఆగకపోయినా, చిగుళ్ల నుంచి రక్తం కారినా, మూత్రం తగ్గినా అర్ధరాత్రయినా సరే ఎంజీఎంకో దగ్గరలోని ఆసుపత్రికో వెళ్లండి.

డెంగీని మోసుకొచ్చే దోమ పగలే ఎక్కువగా కుడుతుంది. కూలరు, నీళ్ల డ్రమ్ము వారానికోసారి ఖాళీ చేసి, అంచులను పీచుతో గట్టిగా తోమండి. అక్కడ అతుక్కున్న గుడ్లు నీళ్లు లేకపోయినా నెలల తరబడి బతుకుతాయి. మీ వీధిలో ఇప్పటికే ఇద్దరికి వచ్చింది కాబట్టి ఈ పని ఈ రోజే మొదలుపెట్టండి.

- జనరల్ ఫిజీషియన్, వరంగల్