ఆ లేజర్ మీ షాపులోనే ఉంది

ప్రశ్న: మాది ఒడిశాలోని పర్లాకిమిడి. ఫ్లెక్స్ ప్రింటింగ్, నేమ్ బోర్డుల షాపు నడుపుతున్నాను. మా అమ్మాయి ఈ ఏడాది ప్లస్ టూ సైన్స్ పూర్తి చేసింది. బరంపురంలో ఒక సైన్స్ ప్రదర్శనకు వెళ్లి, మెత్తటి ప్లాస్టిక్‌లో లేజర్‌తో వెంట్రుకంత కాలువలు చెక్కి చుక్క రక్తంతో పరీక్ష చేసే చిప్ చూసొచ్చింది. అప్పటి నుంచి అదే చదువుతానంటోంది. షాపు కట్టేశాక మా మెషిన్ మీద అక్రిలిక్ ముక్కలు పాడు చేస్తోంది. విశాఖలో ఒక కన్సల్టెన్సీ బీటెక్ నానోటెక్నాలజీ సీటు ఇప్పిస్తామంటే పాతికవేలు అడ్వాన్స్ కట్టాను. మా బావమరిది సీఎస్ఈలో ఏఐ తీసుకోమంటున్నాడు. ఆంధ్రాకు పంపితే నాన్ లోకల్, ఇక్కడేమో మా పిల్లకు ఒడియా అంతంతమాత్రం. నానోటెక్నాలజీ, సీఎస్ఈ, ఈ రెండింటిలో ఏది మేలు?

జవాబు: ముందు ఆ పాతికవేల సంగతి చూద్దాం. చదవాల్సింది మీ అమ్మాయి. మీ ఉత్తరంలో బావమరిది మాట ఉంది, కన్సల్టెన్సీ మాట ఉంది. ఈ సీటు గురించి ఆ పిల్ల ఏమందో ఒక్క ముక్క లేదు. ఏటా మే, జూన్ నెలల్లో ఇలాంటి ఉత్తరాలు నాకు చాలా వస్తాయి. అడ్వాన్స్ కట్టాక సలహా అడిగేవాళ్లే ఎక్కువ. మీరూ అదే చేశారు.

ఇక ఆమె చూసొచ్చిన పని గురించి. మీ షాపులో అక్రిలిక్ కోసేది దాదాపుగా కార్బన్ డయాక్సైడ్ లేజరే అయి ఉంటుంది. 10.6 మైక్రాన్ల తరంగదైర్ఘ్యం గల ఆ కిరణం కంటికి కనపడదు. అక్రిలిక్ దాన్ని పీల్చుకుని, వేడెక్కి, ఆవిరైపోతుంది. పవర్ తగ్గించి వేగం పెంచితే తెగకుండా గాడి పడుతుంది. అడ్డంగా కోసి చూస్తే ఆ గాడి కిందికి పోనుపోను సన్నబడుతుంది, పైన అంచులు కాస్త ఉబ్బి ఉంటాయి. దాని మీద మూత అతికిస్తే అదే మైక్రోఫ్లూయిడిక్ కాలువ, అంటే చుక్కంత ద్రవాన్ని పారించే సన్నటి దారి. ఇలాంటి లేజర్‌తోనే అక్రిలిక్‌లో చిప్‌లు చేసి 2002లో డెన్మార్క్ పరిశోధకులు పేపర్ ప్రచురించారు. అంటే మీ పిల్ల మెటీరియల్ పాడు చేయడం లేదు, ప్రాక్టికల్స్ చేస్తోంది.

ప్రదర్శనలో ఆమె చూసిన మెత్తటి పదార్థం బహుశా పీడీఎంఎస్ అనే సిలికోన్ రబ్బరు. రెండు ద్రవాలను పదికి ఒకటి పాళ్లలో కలిపి వేడి చేస్తే గట్టిపడుతుంది. దాని మీద మీ లేజర్ పెడితే అక్రిలిక్ అంత శుభ్రంగా పోదు. తెల్లటి సిలికా పొడి, మసి మిగులుతాయి. టేపు అంటించి పీకాలి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడగాలి. ఇంకా సన్నగా, నున్నగా రావాలంటే ఫెమ్టోసెకండ్ లేజర్లు ఉన్నాయి. సెకనును వెయ్యి లక్షల కోట్ల భాగాలు చేస్తే అందులో ఒక భాగం ఫెమ్టోసెకండ్. కాంతి అంత కొద్ది సేపే తగిలితే వేడి పక్కకు పాకేలోపే పని అయిపోతుంది. అలాంటి కాంతి మెరుపులను బలంగా తయారు చేసే పద్ధతికే 2018 ఫిజిక్స్ నోబెల్‌లో సగం వచ్చింది. ఆ మెషిన్ ఖరీదు మాత్రం పెద్ద ల్యాబులే భరించగలవు.

ఒక్క హెచ్చరిక. ఫ్లెక్స్, వినైల్ ముక్కలను ఆ మెషిన్‌లో పెట్టనివ్వకండి. అవి పీవీసీ. కాలితే హైడ్రోజన్ క్లోరైడ్ అనే విషవాయువు వస్తుంది, ఊపిరితిత్తులకూ మెషిన్‌కూ చేటు. మూత తెరిచి నడపకూడదు. ఎగ్జాస్ట్ ఫ్యాన్ తిరుగుతూ ఉండాలి.

ఇప్పుడు నానోటెక్నాలజీ సీటు. బీటెక్ స్థాయిలో ఆ పేరంటే నాకు మొదటి నుంచీ అనుమానమే. నాలుగేళ్లలో ఫిజిక్స్ కొంచెం, కెమిస్ట్రీ కొంచెం, బయాలజీ కొంచెం చెప్పి వదిలేస్తారు. ఎంటెక్ ప్రవేశ పరీక్ష గేట్‌లో దానికి విడిగా పేపరే లేదు. చాలా ఉద్యోగ ప్రకటనల్లో అర్హత దగ్గర మెకానికల్, ఎలక్ట్రికల్, కెమికల్ అని ఉంటుంది, ఈ పేరు ఉండదు. మీ మెషిన్‌లోని లేజర్‌ను 1964లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో కనిపెట్టిన కుమార్ పటేల్ మహారాష్ట్రలోని బారామతిలో పుట్టి, పుణెలో టెలికమ్యూనికేషన్స్ ఇంజినీరింగ్ చదివాడు. ఆయన డిగ్రీ 1958లో పూర్తయింది. మొదటి లేజర్ 1960లో వెలిగింది. చదివేటప్పటికి ఆ వస్తువే లేదు, కోర్సు పేరులో ఎక్కడుంటుంది?

మైక్రోఫ్లూయిడిక్స్ మీద కూడా నాకు పూర్తి మోజు లేదు. పీడీఎంఎస్ ల్యాబులో ముద్దొస్తుంది, ఫ్యాక్టరీకి పెద్దగా పనికిరాదు. లక్షల్లో చిప్‌లు కావాలంటే గట్టి ప్లాస్టిక్‌ను అచ్చుల్లో పోస్తారు. లేజర్ వల్ల లాభం నమూనాల దగ్గర. పొద్దున కంప్యూటర్‌లో గీసింది సాయంత్రానికి చేతిలో ఉంటుంది. కేవలం ఈ పనికే మన దేశంలో ఉద్యోగాలు బోలెడున్నాయని ఎవరైనా చెబితే నమ్మకండి. కానీ లేజర్ పని చేతికి వస్తే అది వేరే చోట అన్నం పెడుతుంది. గుండెకు వేసే స్టెంట్లను సన్నటి లోహపు గొట్టాల నుంచి లేజర్‌తోనే కోస్తారు. బ్యాటరీల తయారీలో వెల్డింగ్‌కూ లేజర్లు వాడుతున్నారు.

అయితే ఏం చదవాలి? పరిశోధన అంటే ఇష్టమైతే బరంపురంలోని కేంద్ర ప్రభుత్వ సైన్స్ విద్యాసంస్థ ఐసర్‌లో ఐదేళ్ల బీఎస్-ఎంఎస్. వస్తువులు చేయడం ఇష్టమైతే మెకానికల్, లేదా ఎలక్ట్రానిక్స్. తర్వాత లేజర్లలోకి వెళ్లాలంటే కొచ్చిన్ యూనివర్సిటీలో ఫోటోనిక్స్ (కాంతికి సంబంధించిన చదువు), ఇందోర్‌లో లేజర్లపై పరిశోధన చేసే రాజా రామన్న సెంటర్ ఉన్నాయి. సీఎస్ఈ తప్పని నేననను. ఆమె అడిగితే తప్పు కాదు.

అసలు మీ భయం వేరే. ఉత్తరం చివర్లో రెండు ముక్కల్లో రాసి వదిలేశారు. అక్కడ నాన్ లోకల్, ఇక్కడ భాష రాదు, పిల్ల రెంటికీ చెడుతుందేమోనని. ఈ టెన్షన్ బరంపురం, రాయగడ, గుణుపురం తెలుగు ఇళ్లన్నింటిలోనూ ఉన్నదే. వినండి. ఐసర్‌లో సీట్లకు లోకల్, నాన్ లోకల్ లెక్క లేదు, పాఠాలు ఇంగ్లీషులో. ఎన్ఐటీల్లో హోమ్ స్టేట్ కోటాకు చూసేది ప్లస్ టూ ఎక్కడ పాసయ్యారన్నదే. ఇంట్లో ఏ భాష మాట్లాడతారో ఎవరూ అడగరు. ఒడిశాలో పాసైంది కాబట్టి రూర్కెలా ఎన్ఐటీలో మీ అమ్మాయి లోకలే. ఒడియా అంటారా, హాస్టల్లో ఆరు నెలలుంటే అదే వస్తుంది. మీరు షాపులో గిరాకీతో మాట్లాడటం లేదూ?

రేపు రసీదు పట్టుకుని వెళ్లి అడ్వాన్స్ వెనక్కి అడగండి. పూర్తిగా ఇవ్వకపోవచ్చు, వచ్చినంత తీసుకోండి. అక్రిలిక్ పాడవుతోందని రాశారు కదా. ఆ పాతికవేలకు ఎన్ని షీట్లు వస్తాయో నాకంటే మీకే బాగా తెలుసు.