అడగండి, చెబుతాం: భూమి వచ్చింది, నీళ్లు రాలేదు

ప్రశ్న: చిలీ దేశంలో మపూచే ఆదివాసులు భూముల కోసం కొట్లాడుతున్నరని చదివిన. అది మన పోడు పోరాటం లాంటిదేనా?
– ఒక పాఠకుడు, ఉట్నూరు

జవాబు: పైకి ఒకటే అనిపిస్తుంది, లోపల తేడా ఉంది. పోడు పట్టా అడిగే ఆదివాసీ సర్కారు అడవిలో సాగు చేసుకుంటున్నాడు. 2005 డిసెంబరు 13కు ముందు నుంచే దున్నుతున్నానని గ్రామసభకు రుజువు చూపితే గరిష్ఠంగా 4 హెక్టార్లు వస్తాయి. మపూచేలు అడిగే భూమి చాలావరకు ప్రైవేటు పట్టాదారులది, కలప కంపెనీలది. తమ చేతిలో లేని నేల అడుగుతున్నారు కాబట్టి వాళ్ల రుజువు సాగు కాదు, పాత కాగితం.

మపూచేల నేల ఉన్న బియోబియో నదికి దక్షిణాన స్పెయిన్ పప్పులు ఉడకలేదు. 1641లో ఆ నదినే సరిహద్దుగా ఒప్పుకోవాల్సి వచ్చింది. ఆ నేలను ఆక్రమించింది స్వతంత్ర చిలీ సైన్యం, 1861–1883 మధ్య. ఆ తర్వాత 1884 నుంచి 1929 దాకా దాదాపు 3 వేల ఉమ్మడి పట్టాలు ఇచ్చారు. అన్నీ కలిపితే 5 లక్షల హెక్టార్ల పైచిలుకు, అంటే పాత నేలలో నూటికి 5 పాళ్లు. పట్టాలో ముందు ఊరి పెద్ద పేరు (ఆయన్ను లోంకో అంటారు), ఆయన వెంట ఉన్న కుటుంబాలు. అందులోనూ చుట్టుపక్కల ఆసాములు కంచె జరుపుకుంటూ వచ్చి కొంత కలిపేసుకున్నారు. గట్టు జరపడమంటే ఏమిటో మన పాఠకులకు చెప్పనక్కర్లేదు. 1979లో సైనిక నియంత పినోచెట్ సర్కారు తెచ్చిన డిక్రీతో, ఊళ్లో ఒక్కరు దరఖాస్తు పెట్టినా ఉమ్మడి పట్టాను ముక్కలు చేసేసే వీలు కలిగింది. అంతకుముందే, 1974లో, చెట్ల పెంపకం ఖర్చులో 75 శాతం సర్కారే భరించేలా ఇంకో డిక్రీ వచ్చింది. పైన్, నీలగిరి తోటలు (ఖమ్మం వైపు జామాయిల్ అంటారే, అదే) ఊళ్ల అంచుల దాకా వచ్చేశాయి. ఎండాకాలం ట్యాంకర్ నీళ్లే దిక్కయిన ఊళ్లు ఉన్నాయి.

ప్రశ్న: మా ఏజెన్సీ భూములు బయటివాళ్లకు పోకుండా 1/70 ఉన్నట్టు అక్కడా చట్టం ఉందా? భూములు తిరిగి ఇస్తున్నారట, మరి గొడవ ఎందుకు ఆగట్లేదు?
– ఒక పాఠకురాలు, ఏటూరునాగారం

జవాబు: ఉంది. 1993 నాటి ఆదివాసీ చట్టం 13వ సెక్షన్ ప్రకారం ఆదివాసీ భూమిని బయటివాళ్లకు అమ్మకూడదు, మామూలుగా తాకట్టూ పెట్టకూడదు. అందుకే బ్యాంకు అప్పు దొరకదు. ఈ బాధ మీకు తెలిసిందే.

భూమి తిరిగి ఇచ్చేది 20వ సెక్షన్ ‘బి’ క్లాజు కింద. ముందు సంఘంగా రిజిస్టర్ కావాలి, కనీసం 10 మంది పెద్దవాళ్లు ఉండాలి. పాత పట్టాను కోనాడి అనే సర్కారీ సంస్థకు ఇవ్వాలి. పోయిన భూమి ఎంతో, ఎక్కడుందో వాళ్లు తేల్చి, దరఖాస్తు చెల్లుతుందని నివేదిక ఇస్తారు. ఆ తర్వాత యజమానితో బేరం. అతను అమ్మనంటే బలవంతం చేసే అధికారం ఈ క్లాజుకు లేదు. అమ్ముతానంటే ఇంకో చిక్కు. కొనేది సర్కారని అతనికి తెలుసు, రేటు పెంచేస్తాడు. అడిగిన చోట దొరక్క వేరేచోట కొనిస్తే సగం కుటుంబాలు కదులుతాయి, సగం పాత ఊళ్లోనే ఉండిపోతాయి. 10 మంది చాలన్న నిబంధన వల్ల పాత ఊరు ఒక్కటే అయినా రెండు మూడు సంఘాలు పుడతాయి. ఎన్నికైన అధ్యక్షుడికీ లోంకోకూ పడదు.

అన్నిటికన్నా పెద్ద దెబ్బ నీళ్లది. 1981 జల చట్టం నీటి హక్కును భూమి నుంచి వేరు చేసింది. పొలం మీదైనా పక్కన పారే వాగు నీళ్లు వేరొకరి పేరున ఉండొచ్చు. కాబట్టి కొనేటప్పుడే నీటి హక్కు కాగితం విడిగా అడగాలి. అది మరిచిన చోట, తోట నరికాక మిగిలిన మొద్దులతో నిండిన నేల చేతికొస్తుంది, తడి పెట్టడానికి దారి ఉండదు.

ప్రశ్న: ఇది సాయుధ పోరాటమా, ఓట్ల రాజకీయమా?
– ఒక విద్యార్థి, హన్మకొండ

జవాబు: రెండూ, ఒకదానితో ఒకటి పోట్లాడుకుంటూ. 1997 డిసెంబరులో లుమాకో దగ్గర మూడు కలప లారీలను కాల్చారు. మరుసటేడు పుట్టిన అరౌకో–మల్లెకో సమన్వయ కమిటీ కంపెనీల యంత్రాలను, లారీలను తగలబెట్టడాన్నే తన పద్ధతిగా పెట్టుకుంది. ఇంకోవైపు 1996లోనే మపూచే నాయకుడు అడాల్ఫో మిల్లాబుర్ తీరూవా అనే ఊరికి మేయరయ్యారు. 2021లో మపూచే భాషావేత్త ఎలీసా లోంకోన్ రాజ్యాంగ సభకు అధ్యక్షురాలయ్యారు. ఆ సభ రాసిన కొత్త రాజ్యాంగ ముసాయిదాను 2022 సెప్టెంబరు 4న జరిగిన ఓటింగులో దేశం తిప్పికొట్టింది. మపూచేలు గణనీయంగా ఉన్న అరౌకానియా ప్రాంతంలోనే నూటికి 74 మంది దాకా ‘వద్దు’ అన్నారు. మపూచేలంతా ఒకే మాట మీద ఉన్నారనుకునేవాళ్లు ఈ అంకె చూడాలి. 2017 జనగణనలో మపూచేలమన్నవాళ్లు 17 లక్షల పైచిలుకు. వాళ్లలో మూడోవంతుకు పైగా రాజధాని శాంటియాగో ప్రాంతంలోనే ఉన్నారు. వాళ్లకు భాషా, బతుకుదెరువే ముందు, కంచె తర్వాత.

హింస ఒకవైపే లేదు. 2013 జనవరిలో విల్కూన్ దగ్గర ఇంటికి నిప్పు పెడితే పట్టాదారులైన వృద్ధ దంపతులు చనిపోయారు. 2018 నవంబరులో ట్రాక్టర్ నడుపుతున్న మపూచే యువకుడు కమీలో కాత్రిల్లాంకాను పోలీసులు తల వెనుక కాల్చారు. ఆ దృశ్యాలున్న కెమెరా మెమొరీ కార్డును ఒక పోలీసే నాశనం చేశాడు. మపూచే నాయకులపై ఉగ్రవాద చట్టం వాడిన కేసులో ఇంటర్ అమెరికన్ మానవ హక్కుల కోర్టు 2014లో చిలీనే తప్పుపట్టింది.

ప్రశ్న: మాపుచేనా, మపూచేనా?
– అదే విద్యార్థి

జవాబు: మపూచే. ‘మపు’ అంటే నేల, ‘చే’ అంటే మనుషులు. వాళ్ల భాష పేరు మపుదుంగున్.