మాటను రెట్టించడానికి భయపడకు

చిరంజీవికి,

నీ కథ చదివాను. కొడుకు కోసం ఎదురుచూసే ఆ తల్లి పాత్ర బాగా కుదిరింది. కానీ ఒకే మాట రెండోసారి రావాల్సిన చోటల్లా నువ్వు టెన్షన్ పడిపోయావు. ‘వాకిలి వైపు చూసింది. కాసేపాగి మళ్ళీ వీక్షించింది. చీకటి పడ్డాక మరోసారి దృష్టి సారించింది.’ చూసింది ఒక్క మనిషే. క్రియ మారేసరికి ముగ్గురు చూసినట్టుంది.

పునరుక్తి దోషమని నీకెవరో చెప్పి ఉంటారు. నిజమే, కానీ ఆ దోషం, చెప్పిన అర్థాన్నే ఏ ప్రయోజనమూ లేకుండా మళ్ళీ చెప్పడంలో ఉంది. నీ కథలోనే ‘పనులు మళ్ళీ పునఃప్రారంభమయ్యాయి’ అని రాశావు. ‘పునః’ అన్నా మళ్ళీ అనే కదా! అక్కడ ఏ మాటా రిపీట్ కాలేదు, అయినా అది పునరుక్తే. దాన్ని ఉంచి, పాపం ‘చూసింది’ని కొట్టేశావు.

ఒకే మాటను వెంటవెంటనే రెట్టిస్తే, అందులో రెండోదానికి వ్యాకరణం ఆమ్రేడితమని పేరు పెట్టింది. పాణిని నాటి పేరది. 1858లో అచ్చయిన బాలవ్యాకరణంలో చిన్నయసూరి ఆమ్రేడిత సంధికి సూత్రాలు రాశాడు. పగలు, పగలు కలిస్తే పట్టపగలు. బయలు, బయలు కలిస్తే బట్టబయలు.

తెలుగులో మాట రెండుసార్లు పడితే బలం పెరగడమే కాదు, చాలాసార్లు అర్థమే మారుతుంది. ‘ఎప్పుడు వస్తాడు’ ప్రశ్న. ‘ఎప్పుడెప్పుడు వస్తాడా’ ఆరాటం. ‘ఎవరెవరు వచ్చారు?’ అని అడిగేవాడు, వచ్చింది ఒక్కరు కాదని ముందే అనుకుంటున్నాడు. ‘పోయి పోయి వాడినే అడిగావా?’ అన్నప్పుడు ఎవరూ ఎక్కడికీ పోలేదు; ఇంతమంది ఉండగా వాడేనా అన్న నిష్ఠూరం అది. నువ్వు వదిలించుకున్న ‘చూడు’నే తీసుకో. ‘చూస్తూ చూస్తూ’ అంటే తెలిసి తెలిసి. ‘చూసి చూసి’ అంటే ఎదురుచూసి విసిగిపోయి. నీ కథకు కావలసింది ఇదే: ‘వాకిలి వైపు చూసింది. చూసి చూసి, చీకటి పడ్డాక లోపలికి వెళ్ళింది.’ సాయంత్రమంతా ఆ రెండో ‘చూసి’లోనే గడిచిపోయింది.

ఇంకొకటి. ‘వాడు వస్తాడు, అని ఆవిడ పునరుద్ఘాటించింది’ అన్నావు. పునరుద్ఘాటించడం మంత్రుల ప్రకటనల్లో మాట. పాఠమైతే వల్లె వేస్తాం, జవాబు రాకపోతే రెట్టించి అడుగుతాం. ఆవిడ మాత్రం అన్నమాటే మళ్ళీ అంది, అంతే.

అలాగని పేరా నిండా మెల్లమెల్లగా, చిన్నచిన్న, దూరదూరంగా అని పేర్చకు. పైకి చదువు. రెండో మాట దగ్గర గొంతు కాస్త ఒత్తి పలికితే ఉంచు, ఊరికే దాటిపోతే కొట్టెయ్.

చివరి పేజీలో కొడుకు గుమ్మంలోకి రాగానే ఆవిడ ‘వచ్చావా నాయనా, వచ్చావా’ అన్నట్టు ముందు రాసి, రెండో ‘వచ్చావా’ మీద గీత గీశావు. గీత కింద ఇంకా కనిపిస్తూనే ఉంది. దాన్ని తిరిగి పెట్టి, కథ నాకు మళ్ళీ పంపు.

ఆశీస్సులతో,
నీ శ్రేయోభిలాషి