మీ చెల్లెలికి పొగరు, మా బావకు తెలివి

అడిగిన ప్రశ్న ఇది: "మా చెల్లెలు ఇంజినీరింగ్‌లో చేరినప్పటి నుంచి దేవుడు లేడంటోంది. పూజలో కూర్చోదు, అన్నిటికీ ఎదురు ప్రశ్నలే. నాస్తికులు తెలివంతా తమకే ఉన్నట్టు ఎందుకంత పొగరుగా ఉంటారు? భక్తి ఉన్నవాళ్ళంటే అంత చులకన ఎందుకు?"

నేనూ దేవుణ్ణి నమ్మను. అనంతపురంలో డిగ్రీ పిల్లలకు స్టాటిస్టిక్స్ చెప్తాను. మా అమ్మ కదిరి నరసింహస్వామి తేరుకు పోకుండా ఉండదు. పీర్ల పండగ వస్తే గూగూడు కుళ్ళాయిస్వామి దగ్గరికీ పోతుంది, అగ్నిగుండం చూసి వస్తుంది. నాస్తికుల పొగరు, భక్తుల అమాయకత్వం అంటూ జనం చెప్పుకునే రెండూ మా ఇంట్లోనే ఉన్నాయన్నమాట. అందుకే చెప్తున్నాను, ఈ లెక్క మొత్తం తప్పు. ఒకే మాట మగవాడు అంటే తెలివైనవాడు అంటారు, ఆడపిల్ల అంటే పొగరు అంటారు. ఒకే భక్తి పెద్ద ఉద్యోగంలో ఉన్న మగవాడు చూపిస్తే వినయం, మా అమ్మ చూపిస్తే ఏమీ తెలియనితనం. నాకు ఇది మా చీనీ (బత్తాయి) తోటలో బోరు వేసిన రోజు తేలిపోయింది.

మా ఊరు కళ్యాణదుర్గం పక్కన. అనంతపురం నేల గురించి తెలియని వాళ్ళకు ఒక్క మాట చెప్పాలి. వాన ఏడాదికి 550 మిల్లీమీటర్లు పడితే గొప్ప. కింద అంతా గట్టి రాయి. నీళ్ళు రాయిలో ఉండవు, రాయి పైన కుళ్ళిన పొరలోనో, రాయి పగుళ్ళలోనో ఉంటాయి. పగులు తగిలితే నీళ్ళు, తగలకపోతే దుమ్ము. పది అడుగుల ఎడంలో ఒకరికి రెండించుల నీళ్ళు పడతాయి, పక్కవాడికి తెల్ల దుమ్ము లేస్తుంది. రైతు బతుకు ఆ పది అడుగుల మీద ఆధారపడి ఉంటుంది కాబట్టే టెంకాయ పట్టుకొని పాయింటు, అంటే బోరు వేయాల్సిన చోటు, చూసేవాళ్ళకు మా వైపు అంత గిరాకీ. నేను వాళ్ళను నమ్మను, కానీ వాళ్ళను పిలిచే రైతును ఎప్పుడూ తప్పు పట్టను. ఎండిపోతున్న చెట్లు ఎదురుగా పెట్టుకొని నిలబడిన మనిషి ఏ దారి దొరికితే ఆ దారిలో పోతాడు.

పాత బోరు ఎండింది. ట్యాంకర్లతో కొన్నాళ్ళు చెట్లను కాపాడుకున్నాం. ఇక లాభం లేదని అమ్మ మెడలో గొలుసు బ్యాంకులో కుదువ పెట్టి నాయన కొత్త బోరుకు సిద్ధమయ్యాడు. పాయింటు చూసే మనిషి టెంకాయను అరచేతిలో అడ్డంగా పెట్టుకొని తోటంతా నడిచాడు. ఒక చోట అది నిలువుగా లేచింది. "ఓ పాజిటివ్ రక్తం ఉన్నోళ్ళకే లేస్తాదమ్మా ఇది" అన్నాడు. అందరూ ఊఁ కొట్టారు.

నేను చాలా మర్యాదగానే అడిగాను. "అన్నా, కండ్లకు గుడ్డ కట్టుకొని ఇంకోసారి నడుస్తావా? మళ్ళీ అదే చోట లేస్తే ఎవురికీ అనుమానం ఉండదు కదా." నేను పిల్లలకు చెప్పే పాఠంలో మొదటి మెట్టు ఇది. 1987-88లో జర్మనీలో మ్యూనిక్ దగ్గర ఒక పెద్ద కొట్టంలో ఇలాంటి పరీక్షే పెట్టారు. కింది అంతస్తులో నీటి గొట్టాన్ని చోటు మారుస్తూ, పై అంతస్తులో నీళ్ళు చూసేవాళ్ళను నడిపించారు. 500 మందిలోంచి ఏరి తీసిన 43 మంది వాళ్ళు. కొందరికి నిజంగానే శక్తి ఉందని పరీక్ష పెట్టినవాళ్ళు రాసుకున్నారు. తర్వాత ఎన్‌రైట్ అనే శాస్త్రవేత్త అవే అంకెలు తీసుకొని చూస్తే, గుడ్డిగా చెప్పినా అంతే వచ్చేదని తేలింది. గంతలు కట్టమనడం ఎవరినీ అవమానించడం కాదు. నిజం తెలుసుకోవడానికి అంతకన్నా చవకైన దారి లేదు.

చిన్నాయన నా మీద లేచాడు. "గమ్మునుండు పాపా. సదువు తలకెక్కింది నీకు." పాయింటు చూసే మనిషి టెంకాయ సంచిలో వేసుకున్నాడు. నాయన నన్ను ఇంటికి పొమ్మన్నాడు. నేను పోలేదు.

ఇంతలో మా బావ వచ్చాడు. పెద్దక్క మొగుడు. ఆయన నాకంటే గట్టి నాస్తికుడు, ఊరంతటికీ తెలుసు. బండి స్టాండు వేస్తూనే "టెంకాయకు నీళ్ళు కనపడితే మనకు కరువెందుకొస్తుంది? అందరూ మూర్ఖులే ఇక్కడ" అని గట్టిగా నవ్వాడు. నేను ఒక్కరినీ మూర్ఖుడనలేదు. ఆయన అందరినీ అన్నాడు. నాయన ఏమన్నాడో తెలుసా? "నీ మాదిరి మాకు యాడ తెలుస్తాది అల్లుడూ" అని కుర్చీ వేయించాడు. చిన్నాయన కూడా నవ్వాడు. బావ పుస్తకాలు చదివినోడు, అట్లే మాట్లాడతాడు అన్నారు. అల్లుడు కాబట్టి ఊరుకున్నారు అని మీరు అనొచ్చు. నేను చెప్పేదీ అదే కదా. ఆయన నాస్తికత్వాన్ని ఎవరూ చూడలేదు, ఆయన ఎవరో చూశారు.

ఆ రోజు అక్కడ అందరికన్నా తెలివైన మాట మాట్లాడింది మా అమ్మ. పూజకు నిమ్మకాయలు, కర్పూరం సర్దుతూనే అడిగింది. "దిగువన పాత బావి కాడ కానుగ చెట్టు ఈ ఎండలకు కూడా పచ్చగానే ఉంది. తోటలో అన్నిటికన్నా ఆఖరున ఎండింది ఆ బావే. ఆ పక్క ఎందుకు చూడరు?" ఆరో శతాబ్దంలో వరాహమిహిరుడు బృహత్సంహితలో చెట్లను, పుట్టలను బట్టి నీటి జాడ కనిపెట్టడం గురించి ఒక అధ్యాయమే రాశాడు. మా అమ్మ ఆ పుస్తకం పేరు వినలేదు. తన కళ్ళతో చూసింది చెప్పింది. "నువ్వు పూజ సంగతి చూసుకో" అన్నారు. అన్నది చిన్నాయన ఒక్కడే కాదు, బావ కూడా. "అత్తా, మీ భక్తి మీరు చేసుకోండి, ఇవన్నీ మీకు తెలీవు" అన్నాడు. భక్తురాలు కాబట్టి ఆలోచన ఉండదని ఆయన లెక్క. ఆడమనిషి కాబట్టి ఆలోచన ఉండదని మిగతావాళ్ళ లెక్క. ఇద్దరి లెక్కా ఒకటే అయింది.

తిరుచెంగోడు బండి వచ్చింది. మా వైపు బోరు బండ్లు చాలావరకు ఆ తమిళ ఊరివే. కంప్రెసర్ మోతలో ఎవరి మాటా వినపడదు. దుమ్ము లేచి చెట్లన్నీ తెల్లబడ్డాయి. అందరూ నీళ్ళ కోసం బోరు నోటి వైపే చూస్తున్నారు. మా అమ్మ మాత్రం ఒక్కో రాడ్డు దిగినప్పుడల్లా బయటికొచ్చిన పొడి పిడికెడు తీసి గెనిమ (చేని గట్టు) మీద వరసగా పోసింది. 180 అడుగుల దగ్గర పొడి ఎర్రగా, కాస్త తడిగా వచ్చింది. తర్వాత మళ్ళీ నల్లరాయి, పొడి దుమ్ము. 700 అడుగులు దాటింది. ఇక చాలన్నాడు నాయన. అడుగుకు ఇంత అని లెక్క కట్టి డబ్బులు ఇచ్చేశాడు.

పాయింటు చూసిన మనిషికి ఫోన్ చేశారు. ఆయన అడిగిన మొదటి ప్రశ్న: "ముట్టైన ఆడోళ్ళు ఎవురన్నా పాయింటు తొక్కినారా?" ఫోన్ స్పీకర్‌లో ఉంది. అందరూ నా వైపు చూశారు. అక్కడ అంతమంది మగవాళ్ళ మధ్యలో నా ఒంటి సంగతి నేను సమాధానం చెప్పుకోవాల్సి వచ్చింది. నాకు ఇప్పటికీ కోపం తగ్గలేదు. తగ్గాలని కూడా అనుకోవడం లేదు. తప్పు చెప్పినవాడి మీద పడాల్సిన నింద, సరైన ప్రశ్న అడిగిన మనిషి మీద పడింది. బావ ఏం చేశాడు? "నేను ముందే చెప్పినా" అన్నాడు. ఆయనకు వారం ముందే బోరు సంగతి తెలుసు. నాయనను పక్కకు పిలిచి "మామా, గొలుసు పెట్టొద్దు, సర్వే చేయిద్దాం" అని ఒక్క మాట చెప్పి ఉంటే నాయన వినేవాడు. ఆయన మాటకు ఆ విలువ ఉంది. ఆ విలువను ఆయన నవ్వడానికి వాడుకున్నాడు. నాస్తికుల్లో పొగరు లేదని నేను అనడం లేదు. బావలో ఉంది. కానీ ఆయన పొగరును పొగరు అన్నవాళ్ళు ఇన్నేళ్ళలో ఒక్కరూ నాకు కనపడలేదు.

పాత బావి దగ్గర వేయడానికి మళ్ళీ డబ్బు లేకపోయింది. చెట్లు కొట్టేశాం. ఇప్పుడు ఆ నేలలో వాన మీద ఆధారపడి కంది వేస్తున్నారు. అక్కడ వేసుంటే ఎంతో కొంత నీరు పడేదని నేను గట్టిగా నమ్ముతున్నాను. 180 అడుగుల దగ్గర వచ్చిన తడి ఎటు నుంచి వచ్చిందో అడిగే ఓపిక ఆ రోజు మా అమ్మకు తప్ప ఎవరికీ లేదు.

ఇక తెలివి సంగతి. నాస్తికులకు ఐక్యూ ఎక్కువని పరిశోధనలు తేల్చాయంటూ తిరిగే పోస్టులు మీరూ చూసే ఉంటారు. అసలు సంగతి ఇది. 2013లో జుకర్‌మన్, ఇంకో ఇద్దరు కలిసి 63 అధ్యయనాలను ఒకచోట చేర్చి చూశారు. తెలివికీ మత విశ్వాసానికీ వ్యతిరేక సంబంధం కనపడింది. కానీ అది మైనస్ 0.2 చుట్టుపక్కల ఉండే బలహీనమైన సంబంధం (సున్నా అంటే సంబంధమే లేదు, మైనస్ 1 అంటే పూర్తి వ్యతిరేకం). ఆ అంకెను దానితోనే హెచ్చిస్తే తెలుస్తుంది, మనుషుల నమ్మకాల్లో ఉండే తేడాలో వంద పాళ్ళకు నాలుగైదు పాళ్ళకు మాత్రమే అది లెక్క చెప్తుంది. ఆ అధ్యయనాల్లో ఎక్కువ భాగం అమెరికావి. దాన్ని పట్టుకొని ఒక మనిషి ముఖం చూసి తెలివి చెప్పేవాళ్ళు నా క్లాసులో ఉంటే సున్నా మార్కులు వేస్తాను. 2012లో ఇంకొకటి వచ్చింది, ఆలోచనలో మునిగిన మనిషి శిల్పం ఫొటో చూపిస్తే చాలు జనంలో దైవభక్తి తగ్గుతుందని. 2017లో వేరేవాళ్ళు మళ్ళీ చేసి చూస్తే ఆ ఫలితం రాలేదు. మొదటిది ఇంకా ప్రచారంలో ఉంది, రెండోది ఎవరూ పంచుకోరు. అటువైపు సంగతీ చెప్పాలి. 2017లోనే 13 దేశాల్లో, మన దేశం కూడా అందులో ఉంది, ఒక అధ్యయనం చేశారు. ఘోరాలు చేసిన మనిషి గురించి చెప్పి, అతను ఎవరై ఉంటాడని అడిగితే, భక్తుడికన్నా నాస్తికుడై ఉంటాడని ఊహించే మొగ్గు ఎక్కువ కనపడింది. నాస్తికుల్లో కూడా ఆ మొగ్గు ఉంది. అంటే దేవుణ్ణి నమ్మనివాళ్ళను అనుమానించడం దేవుణ్ణి నమ్మనివాళ్ళకు కూడా అలవాటైపోయింది. మీ చెల్లెలి మీద మీకున్న కోపంలో ఇది కొంత ఉండి ఉంటుంది.

శ్రీహరికోటలో ప్రయోగం ముందు ఇస్రో పెద్దలు రాకెట్ నమూనా పట్టుకొని తిరుమల పోతారు. వాళ్ళ తెలివిని ఎవరూ శంకించరు, పెద్దవాళ్ళై ఉండీ ఎంత వినయం అంటారు. మా కాలేజీలో సరస్వతీ పూజ రోజు ఒక సార్ అసలు రానే రాడు. సార్ హేతువాది అని పిల్లలు గౌరవంగా చెప్పుకుంటారు. నేను వచ్చి, పక్కన నిలబడి, ప్రసాదం తిని, హారతి మాత్రం కళ్ళకద్దుకోకపోతే "మేడంకు అంత ఇదేంటి" అంటారు.

ఇది నాస్తికులైన ఆడవాళ్ళకే పరిమితం అనుకోకండి. మన సీమ ఆడబిడ్డే తరిగొండ వెంగమాంబ, 18వ శతాబ్దంలో పుట్టిన కవయిత్రి. ఆమెకన్నా భక్తి ఎవరికుంది? మొగుడు పోయాక తల గొరిగించుకోను, బొట్టు తీయను, నా భర్త వేంకటేశ్వరుడు అంది. ఊరు ఆమెను బతకనివ్వలేదు, తిరుమల చేరుకుంది. ఈ రోజు తిరుమలలో లక్షల మంది అన్నం తినే భవనానికి ఆమె పేరే. ఇటువైపు నాస్తిక కేంద్రం అనగానే గోరా (గోపరాజు రామచంద్రరావు) పేరే చెప్తారు. 1940లో ముదునూరులో దాన్ని మొదలుపెట్టినప్పుడు సరస్వతీ గోరా పక్కనే ఉంది. 1975లో ఆయన పోయాక విజయవాడలో చాలా ఏళ్ళు దాన్ని నడిపించింది ఆమె. ఆమెను గోరా గారి భార్య అనే అంటారు. ఒకరు భక్తురాలు, ఒకరు నాస్తికురాలు. ఇద్దరూ నోరు మూసుకొని ఉండి ఉంటే ఎవరికీ ఇబ్బంది ఉండేది కాదు.

మా అమ్మా నేనూ దేవుడి గురించి ఇప్పటికీ వాదించుకుంటాం. కదిరి తేరుకు నేనే బస్సెక్కించి తీసుకుపోతాను, దారి పొడవునా వాదనే. నేను తెలివైనదాన్నని ఆమె నాకు లొంగదు. ఆమె భక్తురాలని నేను మాట తగ్గించను. ఎన్నిసార్లు వాదించినా ఆమె నన్ను పొగరుబోతు అనలేదు.

మీ ప్రశ్న మళ్ళీ చదివాను. చెల్లెలు ఎదురు ప్రశ్నలు అడుగుతోందని రాశారు, ఏం అడిగిందో ఒక్కటి కూడా రాయలేదు. మీ ఇంట్లో పూజలో కూర్చోకుండా ఉండే మగపిల్లలు ఉన్నారో లేదో కూడా రాయలేదు. ఆ రెండూ రాయండి. ఆమె ప్రశ్నల్లో నాకు తెలిసినవి ఉంటే జవాబు చెప్తాను.